పెత్రమాస బియ్యం

"నువ్వు సచ్చినవానే? సచ్చినవా, బతికున్నవా? అదన్న చెప్పు."

జోగిపేట నుంచి తొలి బస్సుకు వచ్చిన పోశమ్మ, ఇస్నాపూర్‌లోని కోడలి కిరాయి గదిలో ఇంకా కూర్చోలేదు. మంచినీళ్ళు ముట్టలేదు. చెప్పులైతే విడిచింది గాని చంకలోని సంచి దించలేదు. వచ్చినప్పటి నుంచీ అదే ప్రశ్న.

మాణెమ్మ గోడవారగా కూర్చొని గునుగుపువ్వు కట్టలు కడుతోంది. రేపు పెత్రమాస. పగలు చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చి, పొద్దుగూకాక ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పిల్లలకు పువ్వు తెమ్మని హాస్టలు నడిపే అరుణాదేవి మేడం చెప్పింది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప ఈ మధ్య మాణెమ్మకు మరేదీ చేతకావడం లేదు.

"పలుకవేందే?"

"ఏం పలుకాలె అత్తమ్మా?"

"నీ బిడ్డ రేపు పంతులు ముందర కూసోని, మా అమ్మ సచ్చిపోయిందని నీ పేరున బియ్యమిస్తదట. మీ గల్లీ బాలమణి ఫోన్ల చెప్పింది. దాని మాట నిజమా, అబద్ధమా?"

"నిజమే."

కోడలు కాదంటుందనీ, ఆ బాలమణి నాలుక కోయాలంటుందనీ ఆశపడి వచ్చింది పోశమ్మ. అప్పుడు కూర్చుంది, సంచి ఒళ్ళోనే పెట్టుకొని.

"బతికున్న తల్లి పేరున బియ్యమిచ్చుడు ఏడన్న ఉన్నదానే? మా తాతల కాలంల ఇన్నమా? ఆ మేడం సదువుకున్నదే కద, సావుకార్ల ఇంటి మనిషే కద. ఆమెకన్న తెల్వదా?"

"తెలుసు."

"మరి నువ్వు ఊకున్నవా?"

మాణెమ్మ దారం కొరికి ముడి వేసింది. ఊరుకోక ఏం చేయాలో ఆమెకు నిజంగానే తెలియడం లేదు. కోపం వస్తుందేమోనని రాత్రి పడుకొని చూసింది, రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, అదీ రాలేదు. రెండేళ్ళ కింద సంగమేశ్‌ను, షిఫ్టు దిగి ఇంటికి వస్తూ హైవే మీద లారీ కింద పడిన తన మొగుణ్ణి, బట్ట కప్పి తెచ్చిన రోజున వచ్చిన ఏడుపే ఆఖరుది. ఆ తర్వాత కూతుర్ని అనాథ పిల్లల హాస్టల్లో వేసినప్పుడు కొంచెం వచ్చింది. ఇప్పుడు అదీ లేదు.

రుద్రారం దాటాక పొలాల మధ్య ఉన్న ఆ హాస్టలు పేరు పూలగూడు. అమ్మా నాన్నా ఇద్దరూ లేని పిల్లలకే అందులో చోటు. మాణెమ్మ కూతురు రుచితకు తల్లి ఉంది. అయినా అరుణాదేవి జాలిపడి, ఆమెను వంటకు పెట్టుకొని, పిల్లను లోపల చేర్చుకుంది. ఒక్కటే షరతు. గేటు లోపల తల్లిని అమ్మా అనొద్దు, ఆంటీ అనాలి.

"పొల్లను తోలుకరా," అంది పోశమ్మ. "ఇయ్యాలనే తోలుకరా. ఊరికి తీస్కపోత."

"ఊర్ల ఎవరింట్ల ఉంచుతవ్? మరిది మల్లేష్ ఇంట్ల వాళ్ళకే జాగ లేదు."

"నా పక్కకు పండుకుంటది. సర్కారు బడి లేదా? మేమందరం ఎట్ల పెరిగినం?"

"నువ్వు ఎట్ల పెరిగినవో నువ్వే చెప్తవ్ కద అత్తమ్మా, ఏడ్సుకుంట. దాన్ని గట్లనే పెంచమంటవా?" మాణెమ్మ గొంతు పెంచలేదు. "ఆంటీ అని పిలిస్తె ఏమైతది, మాటనే కద, పొల్ల సదువు ముఖ్యం అన్నది ఎవరు? నేనన్ననా?"

అన్నది పోశమ్మే. నిరుడు ఇదే గదిలో, ఇదే చోట కూర్చొని అంది. పక్క గదిలో ఒడియా కుర్రాళ్ళు డ్యూటీకి తయారవుతూ బకెట్ల చప్పుడు చేస్తున్నారు.

"మాట వేరు, బియ్యం వేరే," అంది పోశమ్మ. గొంతు దిగిపోయింది. "బియ్యం పైకి ముడుతది మాణెమ్మా. నా కొడుకు పేరున ఇయ్యమను, రెండు చేతులెత్తి దండం పెడ్త. నీ పేరున ఇచ్చిందో, నేనే వచ్చి గేటు కాడ నిలబడి మొత్తుకుంట. ఆ హాస్టలుకొచ్చిన తెల్ల పిల్లకు ఇనపడేటట్టు మొత్తుకుంట. ఆమెకు తెలుగు రాకున్నా సమజయ్యేటట్టు మొత్తుకుంట."

మాణెమ్మ పువ్వు కట్టలన్నీ చీర ముక్కలో మూట కట్టి లేచింది. డ్యూటీకి టైమయింది.

"అన్నం గిన్నెల ఉన్నది. పప్పు ఉన్నది. తిను."

"సచ్చినోళ్ళు వండిన అన్నం నేను తిన," అంది పోశమ్మ, మొహం గోడకు తిప్పుకొని.

* * *

పూలగూడు వంటింట్లో హన్నా అప్పటికే పీట వేసుకొని చిక్కుడుకాయలు తుంచుతోంది. నిన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడిలో పెట్టించుకున్న కుంకుమ నుదుటి మీద ఇంకా చెరిగిపోలేదు. హాస్టలుకు డబ్బు పంపే డెన్మార్క్ సంస్థ నుంచి వానాకాలం మొదట్లో వచ్చిన గుంపులో తక్కినవాళ్ళు వెళ్ళిపోయారు, ఈమె ఒక్కతే మిగిలింది. పెత్రమాస మర్నాడు ఈమె కూడా పోతుంది. పోయేముందు ఏ పని కనబడితే ఆ పని మీద పడుతోంది. అడ్డం రావద్దని చెప్పడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

నిజానికి హన్నాలో వంక పెట్టడానికేమీ లేదు. పిల్లల ముక్కు తుడిచింది, పేలు చూసింది, జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి భుజాన వేసుకొని రాత్రంతా తిరిగింది. ఎవరినీ తక్కువ చేసి చూడలేదు. అందరిలోకీ రుచిత మీద ప్రాణం పెట్టుకుంది. రుచిత పెద్దదై ఎంత చదివితే అంతా తన ఇంటివాళ్ళు చూసుకుంటారని మాట కూడా ఇచ్చింది. రుచిత కూడా తక్కువది కాదు, నాలుగు నెలల్లో ఆమె దగ్గర గలగలా ఇంగ్లీషు నేర్చేసింది.

ఈ గొడవకంతటికీ మూలం హన్నా అడిగిన ఒక్క మాట. ఈ పిల్లలు తమ అమ్మానాన్నలను ఏ విధంగా తలుచుకుంటారని ఒకరోజు అడిగింది. అరుణాదేవి మొహం వెలిగిపోయింది. మీరు పోయే ముందురోజే పెత్రమాస, పిల్లలందరి చేతా బియ్యమిప్పిద్దాం, మీరే చూద్దురు అంది. విని హన్నా కళ్ళు తుడుచుకుంది. అందరూ మంచివాళ్ళే, చేస్తున్నదీ మంచి పనే, అందుకే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మాణెమ్మ పొయ్యి మీది పప్పు గిన్నెను రెండు చేతులా పట్టి దించింది. హన్నా పీట మీంచి ఎగిరి లేచింది.

"హాట్! హాట్!"

పక్కనే ఉల్లిగడ్డ పొట్టు తీస్తున్న శ్రీదివ్య నవ్వింది. రుద్రారంలో ఇంజనీరింగ్ చదివే పిల్ల, సెలవు రోజుల్లో వచ్చి హన్నా మాటలు ఇటూ, వీళ్ళ మాటలు అటూ చెబుతుంటుంది.

"మసిబట్ట పట్టుకోలేదేంది, చెయ్యి కాలలేదా అని పరేషాన్ అయితున్నది, మాణెమ్మక్కా."

మాణెమ్మ అరచేతులు చూసుకుంది. ఎర్రబడ్డాయి. కాలినట్టే ఉన్నాయి గాని మంట తెలియలేదు.

"అలవాటైందని చెప్పు."

హన్నా ఆ చేతులు పట్టుకొని చూసి, మరేదో అడిగింది. శ్రీదివ్య కాస్త ఆగి చెప్పింది. "నీకు పిల్లలు లేరా అని అడుగుతున్నది. ఇన్ని రోజులాయె, అడగనే లేదట."

మాణెమ్మ గిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గానే పడినా మళ్ళీ తీసి పెట్టింది.

"ఒక బిడ్డ ఉన్నది."

"ఏడ ఉన్నదట?"

"ఉన్నది," అంది మాణెమ్మ. "మంచిగనే ఉన్నది."

అది విని హన్నా సంతోషించింది.

* * *

అరుణాదేవి వెనక వరండాలో ఫోన్‌లో మాట్లాడుతోంది. భర్త పాండురంగం సంగారెడ్డి దుకాణం నుంచి బియ్యం, పప్పు పంపిస్తున్నాడు, గుమ్మడికాయలు మరిచిపోయాడు, ఆ కోపం. మాణెమ్మ స్తంభం పక్కన నిలబడి ఫోన్ పెట్టేసేదాకా చూసింది.

"మేడం, జెర ఒక మాట."

"ఇప్పుడా? పంతులుకు చెప్పాలె, విస్తరాకులు లెక్క చూసుకోవాలె..."

"రేపు రుచితను పక్కకు పెట్టున్రి. జరమొచ్చిందని పండబెడ్త."

అరుణాదేవి తెలివితక్కువ మనిషి కాదు. ఎందుకని అడగలేదు. ఫోను కొంగున చుట్టి, వరండా చివరిదాకా చూసి, దగ్గరికి వచ్చింది.

"నేను ఆలోచించలేదనుకున్నవా? నోరు జారి హన్నాకు చెప్పిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. చెప్పేసినంక గుర్తొచ్చింది నీ సంగతి."

"అయితె మరి..."

"హన్నా కూసునేదే రుచిత పక్కన. జరమంటే దాన్ని ఎత్తుకొని పటాన్‌చెరు దవాఖాన్లకు ఉరుకుతది. ఆమె సంగతి నీకు తెల్వదా?"

"వాళ్ళ నాయన పేరున ఒక్కటే ఇప్పియ్యున్రి. అది నిజమే కద."

"మరి తల్లేదని అడగదా?" అరుణాదేవి గొంతు తగ్గించింది. "మాణెమ్మా, కోపం చేసుకోకు. ఈ ఇంట్ల నిజంగనే ఎవ్వరు లేని పిల్లలున్నరు. చెత్తకుండి కాడ దొరికినోళ్ళున్నరు. నీ బిడ్డ ఒక్కతి అబద్ధమని తేలితే, తక్కినోళ్ళందరు గట్లనే అని పైసలిచ్చే డెన్మార్కోళ్ళు లేచిపోతరు. అప్పుడు ఆ పిల్లలు ఏడికి పోవాలె? నిన్ను చూసి జాలిపడ్డందుకు వాళ్ళ నోట్ల మన్ను కొట్టాల్నా నేను?"

మేడం చెప్పింది అబద్ధమైతే మాణెమ్మ తిట్టుకోవచ్చు, నిజమైతే ఏం చేయాలి?

"నీ పేరు చెప్పొద్దు. నేనంత పాపిష్టిదాన్ని కాను. ఏదో ఒక పేరు చెప్పమను. పిలిచేది దేవున్నే కద, ఎవరు పోయిన్రో ఎవరున్నరో ఆయనకు ఎరుక లేదా?"

"మీ బిడ్డ స్నేహలతమ్మ ఉన్నది కద మేడం, ఆమెతోని మీ పేరున..."

"ఉన్నది. అయితే?"

అరుణాదేవి మొహంలో రంగు మారింది. మాణెమ్మ ఆ మాటను పూర్తి చేయలేదు. మిగతా సగం ఏమిటో ఇద్దరికీ అర్థమైంది.

"ఏం లేదు మేడం," అంది మాణెమ్మ. "పేరు నేర్పిస్త."

* * *

మోదుగాకు విస్తళ్ళు సామాన్ల గదిలో ఉన్నాయి. వాటి కోసం రుచిత వచ్చింది. హన్నా వేసిన జడలు, రెండు కాదు, నెత్తి నిండా సన్నసన్నగా ఎన్నో ఉన్నాయి.

"ఆంటీ, ఇస్తార్లు ఇయ్యమన్నరు."

గదిలో మరెవరూ లేరు. తలుపు కూడా దగ్గరికి వేసి ఉంది. అయినా ఆంటీయే. మొదట్లో తలుపు వేయగానే అమ్మా అని మెడకు చుట్టుకునేది. ఎప్పుడు మానేసిందో మాణెమ్మకు గుర్తు లేదు, మానేసినట్టు కూడా చాలా రోజులకు గాని తెలియలేదు.

"ఇటు రా. రేపు పంతులు పేర్లడుగుతడు. నాయన పేరు?"

"సంగమేశ్."

"అమ్మ పేరు అడిగితె లక్ష్మి అను."

రుచిత కళ్ళు పెద్దవి చేసింది. "లక్ష్మి మా క్లాసుల శ్రావణి వాళ్ళమ్మ పేరు."

"అయితె ఏమాయె?"

"శ్రావణి డే స్కాలరు. రోజు వాళ్ళమ్మ వచ్చి తీస్కపోతది. నేను ఆమె పేరు చెప్తె ఆమె సచ్చిపోతె?"

"పోదు. సరే, సుజాత అను."

"మా లెక్కల టీచరు."

"అయితె కమలమ్మ అను."

రుచిత ఆలోచించింది. విస్తళ్ళ కట్ట పుల్లను గోటితో గీకుతూ చాలాసేపు ఆలోచించింది. "కమలమ్మ ఎవలకన్న అమ్మ ఉంటది కద ఆంటీ. మనకు తెల్వదు గని, ఏడనో ఒకకాడ ఉంటది."

బయట పిల్లలు బంతిపూలు గుచ్చుతూ అరుస్తున్నారు.

"నీ పేరు చెప్తె నీకేమన్న అయితదా?" అని అడిగింది రుచిత.

మాణెమ్మ విస్తళ్ళ కట్ట పైన దుమ్ము దులుపుతోంది. ఆ ప్రశ్న చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. ఈ మధ్య ఎవరేమడిగినా ఆమె నోటికి వచ్చే మాటే వచ్చింది.

"నాకేమైతది? నాకేం కాదు."

"నిజంగ?"

"నిజంగ. పో, మేడం పిలుస్తున్నది."

రుచిత తలూపి, కట్ట నెత్తిన పెట్టుకొని పోయింది. తాను ఏం చెప్పిందో, కూతురు ఏం విన్నదో మాణెమ్మ అప్పుడు పట్టించుకోలేదు.

* * *

పెత్రమాస నాడు హాలు నిండా పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు విస్తరి, విస్తట్లో బియ్యం, గుప్పెడు పప్పు, చింతపండు, ఒక కూరగాయ. స్నానాలు చేయించి, విభూతి పెట్టి కూర్చోబెడితే అల్లరి పిల్లలు కూడా పెద్దవాళ్ళలా కనిపిస్తున్నారు. హన్నా రుచిత పక్కన బాసింపట్టు వేసి, ఫోను రెండు చేతులా పట్టుకొని ఉంది. ఆమె వెనక శ్రీదివ్య కూర్చుంది.

మాణెమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె చూపు కూతురి మీద లేదు, గేటు మీద ఉంది.

పోశమ్మ వచ్చింది. వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడి లోపలికి వచ్చి, హాలు మెట్ల దగ్గర నిలబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఇప్పుడు మొత్తుకుంటుంది అనుకుంది మాణెమ్మ. మొత్తుకుంటే బాగుండునని కూడా అనుకుంది. ఆ పని తాను చేయనక్కర లేకుండా పోతుంది.

పంతులు కొత్తవాడు, సంగారెడ్డి నుంచి స్కూటీ మీద వచ్చాడు. పేర్లు అడుగుతూ, పిల్లల చేతుల్లో నువ్వులూ నీళ్ళూ వదులుతూ వరస వెంట వస్తున్నాడు. పేర్లు తెలియని పిల్లలు కొందరున్నారు. వాళ్ళ దగ్గర ఆగి, "అమ్మా నాన్నా అనుకో నాయనా, చాలు," అన్నాడు. ఆ మాటకు అరుణాదేవి మొహం పక్కకు తిప్పుకుంది.

రుచిత వంతు వచ్చింది.

"నాయన పేరు?"

"సంగమేశ్."

మెట్ల దగ్గర పోశమ్మ కళ్ళు మూసుకొని దండం పెట్టింది. బియ్యం కొన్ని విస్తట్లోంచి పంతులు పళ్ళెంలోకి పడ్డాయి.

"తల్లి పేరు?"

రుచిత తలెత్తి వంటింటి గుమ్మం వైపు చూసింది. భయంతో చూడలేదు. చెప్పిన మాట గుర్తుంది కదా అన్నట్టు, నీకేం కాదు కదా అన్నట్టు చూసింది. మాణెమ్మకు అప్పుడు తెలిసింది ఏం జరగబోతోందో. కాలు కదపాలనుకుంది, కదలలేదు.

"మాణెమ్మ," అంది రుచిత స్పష్టంగా.

పంతులు ఆ పేరు చదివాడు. నీళ్ళు వదిలాడు. బియ్యం పడ్డాయి. పక్క పిల్ల దగ్గరికి జరిగాడు.

అరుణాదేవి నిలబడ్డచోటే బిగుసుకుపోయింది. హన్నా ఫోను దించి గుమ్మం వైపు చూసింది, మళ్ళీ రుచితను చూసింది. ఆమెకు మాణెమ్మ పేరు తెలుసు. అరుణాదేవి చప్పున వంగి ఆమె చెవిలో ఇంగ్లీషులో చెప్పింది, ఈ దిక్కున ఇంటికో మాణెమ్మ ఉంటుందని. అదీ అబద్ధం కాదు.

పోశమ్మ అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెట్ల మీద కూలబడింది.

* * *

పంతులు తనకు కావలసింది మూట కట్టుకొని, మిగిలిన బియ్యం చూసి నవ్వాడు. "స్కూటీ మీద ఇంత పట్టదమ్మా. పిల్లలకే వండి పెట్టండి, అన్నదానం చేసినట్టుంటది," అని బయల్దేరాడు. అందరి విస్తళ్ళూ ఒకే గంగాళంలో గుమ్మరించి వంటింట్లోకి తెచ్చారు. ఏది ఎవరి పేరున ఇచ్చిందో ఇక ఎవరికీ తెలియదు.

మాణెమ్మ ఎసరు పెట్టింది. బియ్యం కడగసాగింది.

వెనక తలుపు దగ్గర పోశమ్మ నిలబడి ఉంది. "వండకే," అంది. తిట్టు లేదు ఆ గొంతులో. "ఇచ్చిన బియ్యం మల్ల పొయ్యి మీదికి రావొద్దే. నీ పేరున ఇచ్చింది నువ్వే వండుతవా? నీకు దండం పెడ్త మాణెమ్మా, వండకు."

"పిల్లలు ఆకలికున్నరు అత్తమ్మా."

"నీకేం అనిపిస్తలేదా?"

మాణెమ్మ నిజమే చెప్పింది. "లేదు."

పోశమ్మ తలుపు చెక్కకు ఆనుకొని అలాగే నిలబడిపోయింది. ఇంతలో హాలు వైపు నుంచి హన్నా వచ్చింది, రుచిత చెయ్యి పట్టుకొని. వెంట శ్రీదివ్య, ఆ వెనక గాభరాగా అరుణాదేవి.

హన్నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో మాణెమ్మ భుజం తాకింది.

"మాణెమ్మక్కా," అంది శ్రీదివ్య, "హన్నా ఏమంటున్నదంటే... రుచిత వాళ్ళమ్మ పేరు, నీ పేరు ఒక్కటే కద. ఊకెనే గట్ల కాదు, దేవుడే కలిపిండంటున్నది. రేపు తను పోతున్నది, ఈ పొల్లను ఇడిసిపెట్టి పోవుడు కష్టమైతున్నదట. ఇగ మీదట నువ్వు దీనికి అమ్మ లెక్క ఉంటవా అని అడుగుతున్నది."

హన్నా వంగి రుచితతో ఏదో అంది.

"ఒక్కసారి అమ్మా అని పిలువమంటున్నది," అంది శ్రీదివ్య.

రుచిత తల్లి వైపు చూడలేదు. అరుణాదేవి వైపు చూసింది. "అనాల్నా మేడం?"

అరుణాదేవి పెదవులు తడుపుకుంది. "అను బిడ్డా."

రుచిత ముందుకు వచ్చింది. రెండు చేతులూ వెనక కట్టుకొని, బడిలో పద్యం అప్పజెప్పడానికి నిలబడ్డట్టు నిలబడింది.

"ఆంటీ," అంది.

నాలుక కరుచుకుంది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ అదే వచ్చింది, సగంలో ఆపేసింది. హన్నా సిగ్గనుకొని ముద్దుగా నవ్వి తల నిమిరింది.

ఎసరు పొంగి మాణెమ్మ చేతి మీద పడింది. చురుక్కుమంది. ఆమె చప్పున చెయ్యి లాక్కుంది. ఎన్నాళ్ళ తర్వాతో చెయ్యి కాలినట్టు తెలిసింది, ఆ మంట చేతి నుంచి గుండెదాకా పాకింది. అంత బాధ తనలో ఉందని ఆమెకే తెలియదు.

"శ్రీదివ్యా," అంది. "నేను చెప్పింది చెప్పినట్టు ఆమెకు చెప్తవా?"

"చెప్త అక్కా."

"అమ్మ లెక్క నేను ఉండ. ఇది నా కడుపుల పుట్టింది. ఇయ్యాల నా పేరున బియ్యమిచ్చింది. ఆ బియ్యమే నేను వండుతున్న. గిది చెప్పు."

శ్రీదివ్యకూ ఇది కొత్తే. మాణెమ్మను చూసింది, రుచితను చూసింది, చివరికి అరుణాదేవిని చూసింది. తలుపు దగ్గర పోశమ్మ ఏడుస్తోంది.

"మాణెమ్మా," అంది అరుణాదేవి మెల్లగా, హన్నాకు అనుమానం రాకుండా మొహం మీద నవ్వు అలాగే ఉంచి. "హాల్ల తక్కిన పిల్లలు కూసోని ఉన్నరు. వాళ్ళను చూసి మాట్లాడు."

తర్వాత ఆమె హన్నా వైపు తిరిగింది.

"షి సేస్ యెస్. షి ఈజ్ వెరీ హ్యాపీ."

హన్నా రెండు చేతులూ చాచి మాణెమ్మను గట్టిగా కౌగిలించుకుంది. మాణెమ్మ తడి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. హన్నా భుజం మీంచి ఆమెకు కూతురి మొహం కనిపించింది. రుచిత ముందు మేడంను చూసింది. తర్వాత అమ్మను చూసింది. తర్వాత వచ్చి హన్నా కుర్తా అంచు పట్టుకొని లాగింది.

"నో అక్కా," అంది రుచిత. "షి డిడ్ నాట్ సే దట్."